రాజముద్రలోని రాజులు

సైబర్ టవర్స్ కూడలి వద్ద ఉదయం తొమ్మిదిన్నర వేళ ఎర్రదీపము పడినప్పుడు, కదలక మెదలక నిలిచిపోయిన ఆ వాహనసముద్రమును తీరికగా పరికించు భాగ్యము ఉద్యోగవిరమణ చేసిన నావంటివానికి తప్ప అన్యులకు దుర్లభము. పోయిన సోమవారము నా ముందు మూడు బండ్లు వరుసగా ఆగినవి. రంగు వెలిసిన మారుతీ కారు పలక మీద ఏపీ 28 అని, దాని పక్కన క్యాబు మీద టీఎస్ 07 అని, రెంటి నడుమ దూరి హారను మ్రోగించుచున్న, ఇంకను పూలదండ వాడని స్కూటరు మీద టీజీ 07 అని ఉన్నది. మూడింటికిని ఊరొకటే, దుమ్మొకటే, పచ్చదీపము కొరకు ఎదురుచూపు ఒకటే. పలక మీది రెండక్షరములు మాత్రము ఏ బండిని ఎవరి ఏలుబడిలో కొన్నారో శిలాశాసనమునకు తీసిపోని కచ్చితత్వముతో చెప్పుచున్నవి.

ఈ అక్షరముల వెనుక కొంత కథ ఉన్నది. ప్రత్యేక రాష్ట్రోద్యమము ఉద్ధృతముగా సాగిన దినములలో, ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపింపక పూర్వమే, జనులు తమంతట తాము బండ్ల మీది ఏపీని చెరిపి టీజీ అని వ్రాసికొన్నారు. 2014 జూన్‌లో రాష్ట్రము వచ్చినది గాని అక్షరములు టీఎస్‌గా వచ్చినవి; పాలకపక్షమైన టీఆర్ఎస్ పేరును తలపించుటకే అట్లు పెట్టినారని గిట్టనివారు గుసగుసలాడినారు. 2024 ఫిబ్రవరి 4న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మంత్రివర్గము ఆ టీఎస్‌ను టీజీగా మార్చ నిశ్చయించినది, మార్చి నెల నుండి కొత్త బండ్లకు ఆ అక్షరములే వచ్చుచున్నవి. అదే సమావేశమున మరి మూడు నిర్ణయములు కూడ జరిగినవి. అందెశ్రీ గీతము రాష్ట్రగీతము కావలెను, తెలంగాణ తల్లి రూపము మారవలెను, రాజముద్ర మారవలెను. గీతము కీరవాణి స్వరరచనతో ఆ జూన్ 2న వినిపించినది. విగ్రహము డిసెంబరు 9న సచివాలయ ప్రాంగణమున వెలసినది. నాలుగవదైన రాజముద్ర వద్ద మాత్రము బండి ఆగిపోయినది.

రాజముద్రను ప్రతిదినము చూచుచునే ఉన్నాము గాని, నిలిచి చూచినవారు కొద్దిమంది. విద్యుత్తు కార్యాలయపు రసీదు మీదనో, మీసేవ వారిచ్చిన ధ్రువపత్రము మీదనో ఉన్నదానిని కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూడుడు. ఆకుపచ్చని వలయము, ఆ వలయములో ఓరుగల్లు కాకతీయ తోరణము, ఆ తోరణపు రెండు స్తంభముల నడుమ, వాకిట నిలిచిన అతిథివలె, చార్మినార్, పైన సారనాథ సింహములు, చుట్టును తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపులు, అడుగున సత్యమేవ జయతే. చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ కూర్చిన ఈ చిత్రము 2014 జూన్ 2 నుండి మన కాగితములకు ప్రాణము పోయుచున్నది. ప్రజాస్వామ్యమున రాచరికపు ఆనవాళ్ళకు తావుండరాదనియు, ఆ స్థానమున రాష్ట్రము కొరకు ప్రాణములొసగిన అమరుల స్మృతి నిలువవలెననియు క్రొత్త ప్రభుత్వపు వాదము. తోరణమును, మీనారులను తొలగించుట జాతిని అవమానించుటయే యని ప్రతిపక్షపు వాదము. 2024 మే 30న ప్రతిపక్షమునకు చెందిన కేటీఆర్ చార్మినార్ ముందు నిలిచి నిరసన తెలిపినారు, ఓరుగల్లులోను ఆందోళనలు జరిగినవి. జూన్ 2న ఆవిష్కరింపబడవలసిన క్రొత్త ముద్రను, ఇంకను అభిప్రాయములు సేకరింపవలసి యున్నదని చెప్పి, ప్రభుత్వము ప్రక్కకు పెట్టినది.

నాకు ఈ వివాదములో మొట్టమొదట నవ్వు తెప్పించినది ఆ ముద్ర పేరే. రాజులను ఏ వస్తువు నుండి తొలగింపదలచినారో దాని పేరు రాజముద్ర! తెలుగువాని నోట రాజు చావడు. రాజ్యాంగములో ఉన్నాడు, రాజధానిలో ఉన్నాడు, రాజపత్రములో ఉన్నాడు, రాజకీయములో మరీ ఉన్నాడు. రాజీనామాలో మాత్రము లేడు, అది పారసీకము నుండి వచ్చిన వేరొక రాజీ. హాస్యమును అటుంచి చూచినను, రాజుల గుర్తులన్నియు పోవలెనన్నచో ముందు పోవలసినవి పైనున్న నాలుగు సింహములు. అవి కళింగమున నెత్తురు పారించిన చక్రవర్తివి. ఆయన స్తంభశీర్షమును 1950 జనవరి 26న గణతంత్రము తన చిహ్నముగా స్వీకరించినది. ఆయన చక్రమును అంతకు ముందే, 1947 జులై 22న, రాజ్యాంగసభ రాట్నమునకు బదులుగా జెండా నడుమ నిలిపినది. రాజుది యన్న ఒక్క దోషముచేత చిహ్నము చెడదని ఆ పెద్దలకు తెలియును. మరి దేనిచేత చెడును? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికినది హైదరాబాదులో కాదు, వేల మైళ్ళ దూరమున, అమెరికా దక్షిణ రాష్ట్రమైన జార్జియాలో.

మన హైటెక్ సిటీ తలిదండ్రులలో అనేకులవలె మేమును ఒక వేసవి ఆరు నెలలు అమ్మాయి ఇంట గడపినాము. అట్లాంటా నగరపు శివారులోని ఆల్ఫరెట్టా, కమింగ్, జాన్స్ క్రీక్ అను ఊళ్ళలో మన కూకట్‌పల్లికి దీటుగా తెలుగు వినిపించును. 2024 జూన్‌లో, ఇక్కడ రాజముద్ర వాయిదా పడిన కొద్దిదినములకే, ఆటా అను అమెరికా తెలుగుసంఘము వారి మహాసభలు ఆ అట్లాంటాలోనే జరిగినవి. ఒక శనివారము అమ్మాయి మమ్ము స్టోన్ మౌంటెన్ అను ఏకశిలాపర్వతము చూడ దీసికొని పోయినది. ఆ కొండ చరియను తొలిచి తొంబది అడుగుల ఎత్తున, నూటతొంబది అడుగుల వెడల్పున ముగ్గురు అశ్వికులను చెక్కినారు.

"ఎవరమ్మా వీళ్ళు, శివాజీలాగా గుర్రాలెక్కారు?" అని అడిగితిని.

"ఏమో నాన్నా, వాళ్ళ సివిల్ వార్ హీరోలట. రాత్రి లేజర్ షో బాగుంటుందన్నారు, ఉందామా?" అన్నది.

ఆ ముగ్గురి పాదములకు ఎదురుగా, పచ్చిక మీద దుప్పటి పరచుకొని పులిహోర తిని, ఫోటోలు దిగి వచ్చినాము. తరువాత చదువుకొని తెలిసికొన్నది ఏమన, వారు జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్ అనువారు. 1861లో బానిసవ్యవస్థను కాపాడుకొనుటకై దేశము నుండి విడిపోయి, నాలుగేండ్లు యుద్ధము చేసి ఓడిన కాన్ఫెడరసీకి ఒకడు అధ్యక్షుడు, ఇద్దరు సేనానులు. నల్లవారిని భయపెట్టి చంపిన కూ క్లక్స్ క్లాన్ అను ముఠా 1915లో పునర్జన్మ ఎత్తినది ఆ కొండ శిఖరము మీదనే. జార్జియా రాష్ట్రము ఆ కొండను 1958లో కొన్నది. శిల్పము 1972లో ముగిసినది. తిన్న పులిహోర నాడు కాదు, నేడు చేదైనది.

ఆ తేదీలను మరియొకమారు చూడుడు. యుద్ధము 1865లో ముగిసినది. అప్పటికి తొంబది యొక్క సంవత్సరముల పిమ్మట, 1956లో, జార్జియా శాసనసభ తన జెండాను మార్చి అందులో కాన్ఫెడరేట్ సైన్యపు యుద్ధపతాకమును, అడ్డముగా పరచిన నీలి కత్తెరగుర్తును, దానిమీది నక్షత్రములను చేర్చినది. ఆ తలపోత అప్పుడే ఏల కలిగినది? 1954లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము నల్లపిల్లలను, తెల్లపిల్లలను వేర్వేరు బడులలో కూర్చుండబెట్టుట చెల్లదని తీర్పు చెప్పినది గనుక. తాతల జ్ఞాపకార్థమని పైకి చెప్పినను, జెండా ఎగిరినది తాతలను చూచి కాదు, బడి వాకిట నిలిచిన నల్లపిల్లవానిని చూచి. దక్షిణ కెరొలైనా శాసనభవనపు శిఖరము మీద అదే యుద్ధపతాకము 1960 దశకారంభమున, నల్లవారి హక్కుల ఉద్యమము కాక మీదనున్న కాలమున, ఎక్కినది. మిసిసిపీది మరింత పాతది, 1894 నాటిది. అప్పటికి నాలుగేండ్ల ముందే ఆ రాష్ట్రము క్రొత్త రాజ్యాంగము వ్రాసి నల్లవారి ఓటును ఊడగొట్టియున్నది. కావున చిహ్నమును పరీక్షింపదలచినవాడు అది ఏ యుగమున పుట్టినదని గాక, ఏ దినమున, ఎవరు, ఎవరికి ఏమి చెప్పుటకై ఎత్తినారని అడుగవలెను.

ఇక నాయకుల సంగతి. ఇది చెప్పుకొన్నంత కాలమూ చెప్పుకొనదగినది. జార్జియా గవర్నరు రాయ్ బార్న్స్ 2001లో ఆ జెండాను చకచకా మార్చివేసినాడు; 2002లో ఓడినాడు. ఉపాధ్యాయుల కోపము కూడ ఆయనకు తగిలినమాట నిజమే గాని, పల్లెపట్టుల తెల్లవారి ఓటు జెండా కొరకు కదలినదని అందరును ఒప్పుకొన్నారు. జెండాపై ప్రజాభిప్రాయము కోరెదనన్న వాగ్దానముతో గెలిచిన సానీ పెర్డ్యూ, నూటముప్పది ఏండ్ల తరువాత ఆ రాష్ట్రమున వచ్చిన తొలి రిపబ్లికను గవర్నరు, 2003లో మరొక జెండాను తెప్పించినాడు. అందులో కత్తెరగుర్తు లేదు. కాని ఎరుపు తెలుపు పట్టీలతో, మూలనున్న నీలి చతురస్రములో నక్షత్రవలయముతో అది కాన్ఫెడరసీ తొలి జాతీయపతాకమునకు అచ్చముగా కవలపిల్ల. ఆ తొలిపతాకమును గుర్తుపట్టువారు తక్కువ గనుక గొడవ సద్దుమణిగినది. 2004లో జరిగిన ప్రజాభిప్రాయసేకరణలో 1956 నాటి జెండాకు చోటే ఇవ్వక, 2001 నాటిదా 2003 నాటిదా యని అడిగి, రెండవదానిని గెలిపించినారు. జాడీ మార్చినారు గాని ఊరగాయ మార్చలేదు. మన ఆటా సభలు జరిగిన ఊరిమీద ఎగురుచున్నది ఆ జెండాయే.

దక్షిణ కెరొలైనా నాటి గవర్నరు నిక్కీ హేలీ తలిదండ్రులు పంజాబు నుండి పోయినవారు. 2014 ఎన్నికల చర్చలో జెండా మాట వచ్చినప్పుడు ఆమె, ఎందరో సంస్థాధిపతులతో మాటలాడితిని గాని ఒక్కరైనను ఆ జెండాను గూర్చి ఫిర్యాదు చేయలేదు అను అర్థము వచ్చునట్లు జవాబిచ్చినది. మరుసటి సంవత్సరము జూన్ 17న చార్లెస్టన్ నగరపు నల్లవారి చర్చిలో ఒక శ్వేతయువకుడు ప్రార్థన చేయుచున్న తొమ్మండుగురిని కాల్చి చంపినాడు. అతడు ఆ పతాకము పట్టుకొని దిగిన ఫోటోలు బయటపడినవి. అప్పుడామె జెండాను దింపవలెనన్నది, శాసనసభ ఒప్పినది, జులై 10న దింపినారు. దింపుట మెచ్చదగినదే. కాని సంస్థాధిపతికి నొప్పి కలిగినదా లేదా యన్నది కొలబద్దగా పెట్టుకొని, తన రాష్ట్రమున నూటికి ఇరువదియైదుమందికి పైగానున్న నల్లవారి నొప్పిని అంతకాలము లెక్కకు తీసికొనకుండుట, మన సైబరాబాదులో నివసించు నాకు వింతగా తోచలేదు. ఇక్కడ కూడ చెరువు పూడినదని బస్తీవాడు మొరపెట్టుకొన్నచో ఒక పద్ధతి, పెట్టుబడిదారుడు కనుబొమ ముడిచినచో వేరొక పద్ధతి.

మిసిసిపీలో 2001లో ప్రజలనే అడిగినారు. నూటికి అరువదినలుగురు పాత జెండాయే ఉండవలెనన్నారు. జనాభాలో మూడవవంతుకు మించిన నల్లవారి నెత్తిమీద దానిని మరి పందొమ్మిదేండ్లు ఎగురవేసినారు. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అను నల్లవాని మరణము దేశమును కుదిపినప్పుడు, కళాశాలల క్రీడాసంఘములు ఆ రాష్ట్రమున పోటీలు పెట్టబోమని బెదిరించినప్పుడు, వాల్‌మార్ట్ తన దుకాణములలో ఆ జెండాను ప్రదర్శించుట మానినప్పుడు, జూన్ 30న గవర్నరు టేట్ రీవ్స్ సంతకముతో అది పోయినది; నవంబరులో ఓటర్లు మాగ్నోలియా పూవున్న క్రొత్త జెండాకు సమ్మతించినారు. ప్రజలను అడిగినంతమాత్రమున న్యాయము జరుగదని తొలిసారి, అడిగినచో మనసు మార్చుకొనగలరని రెండవసారి, ఒకే రాష్ట్రము రుజువు చేసినది.

ఈ గీటురాయి మీద మన ముద్రను గీచి చూతము. 2014లో తోరణమును, మీనారులను ఎవరిని బెదిరించుటకు పెట్టినారు? ఎవరిని బడిలోనికి రానీయకుండుటకు పెట్టినారు? ఓరుగల్లును, గోలకొండను, తెలుగును, ఉర్దూను ఒక వలయములో కూర్చుండబెట్టుట ఆనాటి ఉద్దేశము. అది చిత్రములో కనబడుచునే ఉన్నది. చార్మినార్ నిజాముల హాలీ సిక్కా మీద ఉన్నమాట వాస్తవము. వజీర్ సుల్తాన్ వారి సిగరెట్టు పెట్టె మీద కూడ ఉన్నది. ఆ పెట్టె చేతబట్టిన రిక్షావాని తలపులో ఏ సుల్తానును లేడు. 1591లో దానిని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా తండ్రి ఇబ్రహీమును తెలుగు కవులు మల్కిభరాముడని తమవానిగా చేసికొన్నారు. తోరణము సంగతి చెప్పనక్కరయే లేదు: స్వయంభూదేవాలయము కూలిపోయినది, రాజులు పోయినారు, నలుదిక్కుల నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి, నేడు వాని సిమెంటు నకళ్ళు మా కొండాపూరు పెళ్ళిమంటపముల ముందు, మామిడాకులు కట్టించుకొని నిలుచుచున్నవి. ఎవని కోటయో ఎవని పెళ్ళికో వాకిలియైనప్పుడు అది రాచరికము కాదు.

ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ ముద్రలో ఆసఫ్జాహీ పసుపు పతాకములోని కుల్చా రొట్టె గుర్తు ఉండియుండినచో నేనే ముందుగా దరఖాస్తు పట్టుకొని పోయియుందును. 1947 సెప్టెంబరు 2న పరకాలలో మువ్వన్నెల జెండా ఎత్తబోయిన జనుల మీద ఆ పతాకపు నీడలో తుపాకులు పేలినవి. ఆ గుర్తుకు ఏ సంజాయిషీయు చాలదు. చార్మినార్ ఆ తుపాకి పట్టలేదు.

అయినను నా గీటురాయి మీద తోరణము పూర్తిగా నిగ్గుతేలినదని చెప్పుటకు వీలు లేదు. ములుగు జిల్లా మేడారమున రెండేండ్లకొకమారు జరుగు జాతరలో లక్షలాది జనము ఎవరిని కొలుచుచున్నది? కప్పము కట్టలేమన్నందుకు తమ మీదికి వచ్చిన కాకతీయ సైన్యముతో పోరాడి నేలకొరిగినారని కోయలు చెప్పుకొను సమ్మక్కను, సారలమ్మను. జంపన్న దూకిన వాగు జంపన్నవాగైనది. ఆ వనదేవతలకు విగ్రహము లేదు. చిలకలగుట్ట నుండి పూజారి తెచ్చు కుంకుమభరిణెయే సమ్మక్క, గద్దె మీద నాటిన వెదురుబొంగే ఆమె రూపము, నిలువెత్తు బెల్లమునే బంగారమందురు. ముఖ్యమంత్రులు సైతము ఈ జాతరకు వెళ్ళి ఆ బంగారముతో తూగినారు. కాని తోరణము మీ కన్నులకు ఎట్లు కనబడుచున్నదని ఆ పూజారుల నెవరైన అడిగినారా? పెట్టినవారు 2014లో అడుగలేదు. తీయదలచినవారు 2024లో రాచరికము రాచరికమని చాటినారే గాని, ఆ రాచరికము చేత దెబ్బతిన్నవాని వాకిటికి పోయి కూర్చుండలేదు. కాపాడెదమని చార్మినార్ ముందు నిలిచినవారును అడుగలేదు. ఎవరికైన నొప్పి ఉన్నదన్నచో దానిని ముందు వినవలసినది అక్కడ.

మన నాయకులకు కావలసినది రాజుల గుర్తు చెరుపుట కాదు, వెనుకటి ప్రభుత్వపు సంతకము చెరుపుట. క్రొత్త తెలంగాణ తల్లికి కిరీటము తీసినారు, చేతిలోని బతుకమ్మను తీసినారు, ఆకుపచ్చ చీర కట్టినారు, కుడిచేయి అభయముద్రగా ఎత్తించినారు. ఆ చేయి కాంగ్రెసు వారి హస్తము గుర్తు కాదా యని ప్రతిపక్షము అడిగినది. టీఎస్ అను అక్షరములకు తమ పార్టీ పేరు తగిలించుకొన్నారన్న నింద మోసినవారికి అడుగు హక్కు ఎంత ఉన్నదో పాఠకులే తేల్చవలెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన సెప్టెంబరు 17 సంగతియు ఇంతే: కేంద్రమునకు అది విమోచనదినము, కేసీఆర్ ప్రభుత్వమునకు సమైక్యతాదినము, రేవంత్‌రెడ్డి ప్రభుత్వమునకు ప్రజాపాలనదినము, నాటి నుండి నేటివరకు బ్రతికియున్న వృద్ధునికి మాత్రము అది పోలీసు చర్య.

ఇందులో ఒక కొసమెరుపు. 2025 డిసెంబరులో, పెట్టుబడుల సదస్సుకు ముందు, నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేటు పక్క రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ పేరు పెట్టుదుమని మన ప్రభుత్వము ప్రతిపాదించినది. 2020లో, కాన్ఫెడరేట్ సేనానుల పేర్లున్న సైనికస్థావరములకు పేర్లు మార్చవలెనన్న కోరికను అడ్డగించినది ఆయనయే. ఫోర్ట్ బ్రాగ్‌ను తరువాతివారు 2023లో ఫోర్ట్ లిబర్టీ చేసినచో, 2025 ఫిబ్రవరిలో మరల ఫోర్ట్ బ్రాగ్ చేసినది ఆయన సర్కారే. ఈసారి కాన్ఫెడరేట్ సేనాని బ్రాగ్ పేరు కాదట, అదే ఇంటిపేరు గల రెండవ ప్రపంచయుద్ధపు మరొక సైనికుని పేరట! నాలుగువందల ముప్పదియేండ్ల క్రిందటి కుతుబ్‌షా మీనారు ప్రజాస్వామ్యమునకు నప్పదు గాని, ఈ పేరు మా ఐటీ కారిడారు వీధికి నప్పునట.

నా తీర్పు ఇది. ముద్రను ఉన్నదున్నట్లు ఉంచవలెను. మార్చితీరవలెనన్న పట్టు ఉన్నచో, ఒక మే నెలాఖరున చిత్రకారుని పిలిచి జూన్ 2కు ఆవిష్కరించు పద్ధతి మాని, ముసాయిదాను అందరి కన్నుల ముందు పెట్టి, ఆర్నెల్ల గడువిచ్చి, శాసనసభలో పార్టీ విప్‌లు లేని చర్చ జరిపి, ఆ చర్చకు పూర్వమే వాదములు వినుటకు ఒక సంఘమును వేయవలెను. ఆ సంఘము తన తొలి సమావేశమును హైటెక్ సిటీ చల్లగదులలో గాక మేడారము గద్దెల వద్ద, కోయపూజారులను ముందు కూర్చుండబెట్టుకొని జరుపవలసినదిగా ప్రభుత్వమును కోరుచున్నాను.